దొడ్డ మేడమ్‌కి నా చేతి ముద్ద

నేను పగ పట్టే మనిషిని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. పగను దేవుడికి వదిలేయమని మా పాస్టరయ్య ఏడాదికి నాలుగు ఆదివారాలైనా చెబుతాడు. నేనూ వదిలి చూశాను. ఏళ్ళకేళ్ళు వదిలాను. ఆయనకు తీరిక దొరకలేదు. అందుకని ఆ పని నేనే చేసుకున్నాను. అదీ బళ్ళారి కంటోన్మెంటు వైపు ఒక మిద్దె మీదున్న ఇథియోపియా హోటల్లో, పట్టపగలు, తోటి టీచర్లంతా చూస్తుండగా.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. బళ్ళారి నుంచి బస్సులో ముప్పావు గంట పోతే వచ్చే ఊళ్ళో సర్కారు బడి. పాఠాలు కన్నడంలో, స్టాఫ్‌రూము కబుర్లు తెలుగులో, కోపమొస్తే తిట్లు రెండింట్లోనూ. పదకొండేళ్ళ కిందట నేను ఆ బడికి బదిలీ మీద వచ్చేసరికి అక్కడ అందరికంటే సీనియరు సోషల్ మేడమ్. పిల్లల దగ్గర్నుంచి పక్క టీకొట్టాయన దాకా అందరూ ఆమెను దొడ్డ మేడమ్ అనేవాళ్ళు. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద. మనిషి కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది, ఎత్తుగా, నెమ్మదిగా, పెద్ద బొట్టుతో.

మంచి మనిషే. ఈ మాట రాయకపోతే నేను అబద్ధమాడినదాన్నవుతాను. నాకు జ్వరమొస్తే నా క్లాసులు తీసుకునేది. మా ఆయనకు ఆపరేషనప్పుడు రక్తం కావాలంటే, అడక్క ముందే తన కొడుకును ఆసుపత్రికి పంపింది. రక్తం ఇచ్చింది మహాతల్లి. నా కూర మాత్రం తినలేదు.

మా స్టాఫ్‌రూములో మధ్యాహ్నం అన్నాల పద్ధతి ఒకటుంది. ఐదుగురం కూర్చునేవాళ్ళం: దొడ్డ మేడమ్, లెక్కల సారు, హిందీ టీచరు, డ్రిల్లు మాస్టరు, నేను. బల్ల మీద పాత పేపరు పరిచి అందరి డబ్బాల మూతలూ తీసి మధ్యలో పెట్టేవాళ్ళం. ఎవరి డబ్బాలోంచైనా ఎవరైనా వేసుకోవచ్చు. లెక్కల సారు వాళ్ళింటి గుత్తివంకాయ ఎణ్ణెగాయి, హిందీ టీచరు వాళ్ళ నువ్వుల పొడి, బుధవారం డ్రిల్లు మాస్టరు తెచ్చే మటన్. దొడ్డ మేడమ్ మటన్ డబ్బా అడుగు దాకా తుడిచేది. ఆమె చెంచా అందరి డబ్బాల్లోకీ పోయేది. నా డబ్బా దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు మధ్య గుంతను తప్పించుకునే లారీలాగా పక్కనుంచి చుట్టుకొని పోయేది.

మొదట్లో నేను గమనించలేదు. గమనించాక కారణాలు నమ్మాను. "ఈపొద్దు సోమవారం గదమ్మా, ఒక్కపొద్దు." మంగళవారం కడుపు మంట. గురువారం మంత్రాలయం రాఘవేంద్రస్వామి వారం. శనివారం ఆంజనేయస్వామి. నేను గోంగూర తెస్తే పులుపు పడదు, పప్పు తెస్తే వాయువు. ఒకసారి పట్టుదలగా పెరుగన్నం తెచ్చాను. పెరుగన్నానికి ఏం వంక పెడుతుందో చూద్దామని. "జలుబు చేసినాది" అంది, అని హిందీ టీచరు డబ్బాలోంచి మజ్జిగ మిరపకాయలు తీసుకొని నమిలింది.

మా ఇల్లు మిషన్ కాంపౌండు పక్కన. మా తాతల కాలం నుంచీ గుడి అంటే మాకు చర్చే. అంతకు ముందు మా వాళ్ళు ఏం పని చేసేవాళ్ళో, ఊరికి ఏ పక్కన ఉండేవాళ్ళో బళ్ళారి జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. దొడ్డ మేడమ్‌కి అసలు చెప్పనక్కర్లేదు. ఇంటి పేరు అడిగి ఊరుకుంది, అంతే.

ఇదంతా నేను మింగేద్దును. ఒక మనిషి నా కూర తినకపోతే నా ప్రాణమేమీ పోదు. మింగలేనిది మా అమ్మ కర్జికాయల సంగతి.

అమ్మది కెంచనగుడ్డ. ఏటి పక్క ఊరి పట్టుదల మనిషి. క్రిస్మస్‌కి ఆమె చేసే కర్జికాయలు మా సంఘంలో పేరున్నవి. ఎండుకొబ్బరి, బెల్లం, గసగసాలు, యాలకులు. అంచులు యంత్రంతో కాకుండా బొటనవేలితో మెలితిప్పేది, ఒక్కో మెలిక గింజంత. నేను ఆ బడిలో చేరిన మొదటి డిసెంబరులోనే స్టీలు డబ్బా నిండా సర్ది, "ఇది మీ దొడ్డ మేడమ్‌కి వేరేగా ఇయ్యి. నీకు జ్వరమొస్తే చూసుకునింది గదా ఆ తల్లి" అని నా చేతికిచ్చింది. ఇచ్చాను. దొడ్డ మేడమ్ రెండు చేతులతో తీసుకుంది. మర్నాడు డబ్బా తిరిగొచ్చింది, తళతళా తోమి, లోపల పిడికెడు చక్కెర వేసి. మా వైపు డబ్బాను ఉత్తగా తిప్పి పంపకూడదు. అమ్మ ఆ చక్కెర చూసి ఎంత మురిసిపోయిందో. "మర్యాద తెలిసిన మనిషి" అని వీధిలో నలుగురికీ చెప్పుకుంది.

మూడో ఏడు తెలిసింది. బడి ఊడ్చే ఆయమ్మ ఒకరోజు చీపురు పక్కన పెట్టి నా దగ్గరకొచ్చి నవ్వుతూ అంది. "మేడమ్, మీయమ్మ చెయ్యి బంగారం. ఈ ఏడు కొబ్బరి జాస్తి వేసినారు గదా? మా మనవరాలు డబ్బా మొత్తం ఒక్కతే తినేసింది."

"ఏ డబ్బా?" అన్నాను.

"దొడ్డ మేడమ్ ఏటేటా నాకే గదా ఇచ్చేస్తాది. నేనే తోమి, ఉత్తగా ఇస్తే బాగుండదని ఇంత చక్కెర ఏసి ఇస్తా."

పాపం ఆమెకేం తెలుసు. సంతోషంగా చెప్పింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. పోగానే ఆమె అడిగిన మొదటి మాట అదే. "తినిందా? ఏమనింది?"

"శానా బాగుండాయి అనిందమ్మా. మళ్ళా ఏడు కూడా కావల్లంట."

ఎందుకన్నానో ఆ మాట! నా నోరు పడిపోను. ఆ ఒక్క అబద్ధంతో ఇంకో ఆరేళ్ళు మోయాల్సి వచ్చింది. ప్రతి డిసెంబరూ అమ్మ డబ్బా సర్దేది, నేను మోసుకుపోయేదాన్ని, దొడ్డ మేడమ్ రెండు చేతులా అందుకునేది, నేను చూస్తుండగానే అది ఆమె బల్ల కిందికి పోయేది. చివరి ఏడు అమ్మ చేతులు వణికేవి. మెలికలు సరిగ్గా పడక పిండి చిట్లేది. అయినా ఆ డబ్బా వరకు తనే చేస్తానంది. "ఆమెకూ వయసు పైబడతాంది గదా, పళ్ళు ఎట్లుండాయో. కొంచెం మెత్తగా చేసినా" అంది. ఆ ఫిబ్రవరిలో పోయింది.

సమాధి దగ్గరికి దొడ్డ మేడమ్ వచ్చింది. నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది కూడా. నేను ఆమె చెయ్యి వైపు చూస్తూ, ఈ చేత్తోనే గదా ఇచ్చేసింది అనుకుంటున్నాను. కళ్ళలో నీళ్ళు రాలేదు. ఆ రోజే మనసులో అనుకున్నాను, ఈ మనిషి నోట్లో నా చేత్తో ముద్ద పెట్టకుండా నేను ఈ బడి వదలను, ఈమెనూ వదలనివ్వను అని. అన్న తర్వాత నా మీద నాకే నవ్వొచ్చింది. అరవైకి దగ్గర పడుతున్న ఆమె నోట్లో నేను ముద్ద పెట్టేదేంటి? మా లోకంలో పెద్దవాళ్ళ నోట్లో ముద్ద పెట్టేది పెళ్ళిలోనో, మంచాన పడ్డప్పుడో.

మరో లోకం ఉందని మా సంఘంలో ఒక పెద్దాయన వల్ల తెలిసింది. ఆయన ఇథియోపియాలో ఏళ్ళ తరబడి కెమిస్ట్రీ లెక్చరరుగా పని చేసి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకొని, రిటైరయ్యాక భార్యతో బళ్ళారి వచ్చేశాడు. ఆమె ఊరికే కూర్చునే రకం కాదు. మిద్దె మీద నాలుగు బల్లలు వేసి తమ దేశం భోజనం మొదలుపెట్టింది. మా సంఘం వాళ్ళమందరం మర్యాదకి ఒక్కసారైనా పోవాలి గదా, నేనూ మా ఆయనా పోయాం.

పెద్ద గుండ్రటి పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. పళ్ళెం మొత్తం పరుచుకొని ఒక దోసె. ఇంజెరా అంటారంట. మూడు రోజులు పులియబెట్టిన పిండి, ఒక్క పక్కే కాల్చడం వల్ల పైనంతా కన్నాలు కన్నాలుగా, మెత్తగా, పుల్లగా ఉంటుంది. వాళ్ళ దేశంలో గసగసాలంత సన్న గింజతో చేస్తారు. అది ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? కప్పగల్లు నుంచి జొన్నలు తెప్పించి చేస్తోంది. ఆ దోసె మీద అక్కడక్కడా కుప్పలుగా కూరలు: ఎర్రటి మసూరు పప్పు, పసుప్పచ్చటి శనగపప్పు, ఆకుకూర, క్యాబేజీ. మసాలాకి బ్యాడగి మిరపకాయలే. అంచు నుంచి దోసె తుంచుకొని దానితోనే కూర పట్టుకొని తినాలి. ఎంతమంది ఉన్నా అదే పళ్ళెం.

మా పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం ప్లేట్లు కావాలని గొడవ పెట్టుకుంటోంది. హోటలామె నడుము మీద చేయి పెట్టుకొని నిలబడింది. అత్తగారి దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. "ప్లేటు ఎందుకప్పా? చెయ్యి ఉండాది, నోరు ఉండాది, ఆకలి ఉండాదా లేదా?" అంది. చివరికి విసుక్కుంటూ నాలుగు స్టీలు ప్లేట్లు తెచ్చి టకటకా పెట్టింది. వాళ్ళు దోసెను నాలుగు ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్ళు వేసుకొని, ఎవరి కూర వాళ్ళు పంచుకొని, ఒకరికొకరు తగలకుండా తిన్నారు. ఆమె మా దగ్గరకొచ్చి, "ఈ ఊర్లో అందరూ ఇంతే అక్కా. పళ్ళెం తెస్తే భాగాలు పంచుకుంటారు, పొలం మాదిరి" అంది.

అని తనే ఒక ముక్క తుంచి, పప్పూ ఆకుకూరా పెట్టి చుట్టి, నా నోటి ముందుకు తెచ్చింది. నేను బిత్తరపోయాను. "తెరువు అక్కా. ఇది గుర్షా. మా ఊర్లో ఇంటికొచ్చినోళ్ళకి ఇట్ల నోట్లో పెడతాం. వద్దంటే ఇంటిని కాదన్నట్ల." తెరిచాను. ముద్ద పెద్దది, బుగ్గలు రెండూ నిండిపోయాయి. పులుపూ కారమూ ఒకేసారి తగిలాయి. మా ఆయన నవ్వుతున్నాడు. ఎవరైనా ఆ క్షణంలో కన్నతల్లిని తలుచుకుంటారు. నేను దొడ్డ మేడమ్ నోటిని తలుచుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళంతా సంబరమైంది నాకు.

అప్పటికి బడిలో నేనే ఇన్‌ఛార్జి హెడ్‌మేడమ్‌ని. మోకాళ్ళ నొప్పులని దొడ్డ మేడమ్ తనకొద్దని రాసిచ్చింది, తర్వాతి సీనియరిటీ నాది. కాబట్టి ఆమె రిటైర్మెంటు భోజనం ఎక్కడ, ఎప్పుడు అని నిర్ణయించేది నేను. ఎప్పుడు అన్నదానికే వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. గోడ మీదున్న చర్చి క్యాలెండరు పనికిరాదని, శెట్టిగారి అంగడికి పోయి పంచాంగం క్యాలెండరు అడిగి తెచ్చుకున్నాను. ఏకాదశి, అమావాస్య, సంకష్టి, అన్నీ చూశాను. వారాల్లో సోమవారం, మంగళవారం, గురువారం, శుక్రవారం, శనివారం ఎవరో ఒక దేవుడు పట్టేసుకున్నాడు. బుధవారం ఒక్కటే దిక్కు లేకుండా పడి ఉంది. బుధవారం పెట్టాను. బడి ఒంటిపూట ఉన్న బుధవారం. మా ఆయన క్యాలెండరు చూసి, "ఏందే, మతం మారతాండావా?" అన్నాడు.

నీసు వంక రాకుండా ఉపవాసం పళ్ళెం చెప్పాను. వాళ్ళ క్రైస్తవులు ఏడాదిలో సగం రోజులు నీసు ముట్టరంట, ఆ రోజుల కోసం పప్పులూ కూరలూ మాత్రమే ఉండే పళ్ళెం అది. ముందురోజు పోయి హోటలామెతో ఇంకో మాట చెప్పాను. "రేపు మేమొచ్చినప్పుడు స్టీలు ప్లేట్లు కనపడకూడదు. దాచిపెట్టు. ఎవరడిగినా లేవని చెప్పు."

"ఎందుకు అక్కా?"

చెప్పాను. కర్జికాయలతో సహా అంతా చెప్పాను. బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆమె కాఫీ గింజలు వేయిస్తూ విన్నది. విని, తల అడ్డంగా ఊపింది. "గుర్షా కోపంతో పెట్టేది కాదు అక్కా. మా ఊర్లో ఎవరూ అట్ల పెట్టరు."

"మా ఊర్లో పెడతాం" అన్నాను.

గింజలు మరోసారి కలిపింది. తర్వాత అంది, "సరే. పెడితే పెద్దది పెట్టు. చిన్న ముద్ద పెడితే పిసినారి అంటారు."

బుధవారం వచ్చింది. దొడ్డ మేడమ్ పట్టుచీర కట్టుకొచ్చింది, మెడలో బడిలో వేసిన సుగంధరాజ పూలదండ. హోటలు మెట్లు మెల్లగా ఎక్కింది. లెక్కల సారు ఆమె చేయి పట్టుకున్నాడు. అందరం గుండ్రంగా కూర్చున్నాం. చేతులు కడగడానికి హోటలామె చెంబూ తట్టా తెచ్చి ఒక్కొక్కరి చేతుల మీదా నీళ్ళు పోసింది. "అబ్బ, రాజోపచారం" అని డ్రిల్లు మాస్టరు మురిసిపోయాడు. పళ్ళెం వచ్చింది.

"ఏంది, ఇంత పెద్ద దోసె!" అంది హిందీ టీచరు.

దొడ్డ మేడమ్ పళ్ళెం చూసింది. చుట్టూ చూసింది. "ప్లేట్లు?" అంది.

"ఈడ ప్లేట్లు ఉండవు మేడమ్" అన్నాను. "ఇదే పద్ధతి. అందరం దీంట్లోనే."

"ఒక ప్లేటు ఇయ్యమ్మా, నాకు చెయ్యి అందదు" అంది హోటలామెతో. హోటలామె నా వైపు చూడకుండా, "లేదు అమ్మా. అన్నీ పగిలిపోయినాయి" అంది. స్టీలు ప్లేట్లు ఎక్కడైనా పగులుతాయా? నవ్వు ఆపుకోవడం నాకు చాలా కష్టమైంది.

ముగ్గురూ మొదలుపెట్టారు. లెక్కల సారుకి మొదటి ముద్దకే బాగా నచ్చింది. దొడ్డ మేడమ్ తన ముందున్న అంచు నుంచి గోరంత దోసె తుంచి, కూర తగలకుండా ఉత్తదే నోట్లో వేసుకుంది. నేను ఆమెకు ఎదురుగా కూర్చోలేదు. కావాలనే పక్కన కూర్చున్నాను. నా చేయి పప్పులోకి పోయినప్పుడల్లా ఆమె చేయి పళ్ళెం మీద నుంచి వెనక్కి పోయేది.

"ఇంకొక పద్ధతి ఉండాది ఈడ" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. గుర్షా సంగతి చెప్పాను. గౌరవించే వాళ్ళ నోట్లో ముద్ద పెట్టాలి, వాళ్ళు కాదనకూడదు. "ఈపొద్దు దొడ్డ మేడమ్‌కి మన బడి తరఫున నేను పెడతాను."

"ఆహా!" అని డ్రిల్లు మాస్టరు చప్పట్లు కొట్టాడు. హిందీ టీచరు ఫోను తీసింది. "వీడియో తీస్తా మేడమ్, ఉండండి."

పెద్ద ముక్క తుంచాను. ఎర్ర పప్పు పెట్టాను, ఆకుకూర పెట్టాను, చుట్టాను. ఐదు వేళ్ళూ తగిలేలా చుట్టాను. నోటి ముందుకు తీసుకెళ్ళాను. దొడ్డ మేడమ్ నా వేళ్ళ వైపు చూసింది, తర్వాత ఫోను వైపు, తర్వాత నా కళ్ళలోకి. ఆమె పెదవులు గట్టిగా బిగుసుకున్నాయి. "కడుపు..." అని మొదలుపెట్టింది.

"బుధవారం మేడమ్" అన్నాను. "పొద్దున్నుంచి ఏమీ తినలేదని మీరే అంటిరి గదా బస్సులో."

ముద్దలోంచి పప్పు నీళ్ళు నా మణికట్టు మీదికి కారుతున్నాయి. చెయ్యి దించలేదు. లెక్కల సారు, "తినండి మేడమ్, సిగ్గెందుకు" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. పెట్టాను. నా వేళ్ళు ఆమె పెదవులకు తగిలాయి. పదకొండేళ్ళలో నా చేతిది ఆమె లోపలికి పోయింది అదే మొదటిది. నమిలింది. చాలాసేపు నమిలింది. మింగేదాకా నేను ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మా, చూడు, తింటాంది అని లోపల ఎవరో అరుస్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు తెరిచేసరికి నీళ్ళు ఉన్నాయి. "కారం" అంది. నేను వెంటనే ఇంకో ముద్ద చుట్టాను. ఈసారి నేను ఎత్తక ముందే ఆమె నోరు తెరిచి, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ తీసుకుంది.

తర్వాత చేతులు కడుక్కోవడానికి లేచింది. మోకాళ్ళు పట్టేశాయని నేను వెంట పోయాను. వంటింటి పక్క సందులో కొళాయి ఉంది. ఆమె పుక్కిలిస్తుందనుకున్నాను, నోట్లో వేలు పెట్టుకొని కక్కుతుందనుకున్నాను. కక్కినా నాకు ఇష్టమే, చూద్దామనే పోయాను. ఆమె చేతులు మాత్రమే కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, నా వైపు తిరిగింది.

"సల్లబడిందా?" అంది.

"ఏంది మేడమ్?"

"నీ కడుపు. సల్లబడిందా అని అడుగుతాండా." గొంతు పెంచలేదు. "కర్జికాయల సంగతి నీకు చెప్పేసినానని ఆయమ్మ ఆపొద్దే వచ్చి నాతో చెప్పినాది. ఎప్పుడు అడుగుతావా అని ఇన్నేండ్లు కాచుకొని ఉండా. నువ్వు అడగలా. డబ్బా తెస్తానే ఉంటివి."

అయినా అన్నాను. "మీ పళ్ళకి నొప్పి కాకూడదని మెత్తగా చేసినాది మేడమ్ మా అమ్మ. చేతులు వణుకుతా చేసినాది."

అప్పుడు మాత్రం ఆమె కళ్ళు దించుకుంది. "తప్పే" అంది. "మా ఇంట్లో అట్ల పెరిగినా. తప్పు కాదని నేను ఎప్పుడూ అనలేదు." దండ సర్దుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "అయితే నేను ఒక్కదాన్నే అనుకుంటివి చూడు, అది నీ పిచ్చి. డబ్బా ఆయమ్మకి పోయేది స్టాఫ్‌రూములో తెలియంది ఎవురికి? 'ఈ ఏడు కూడా తప్పించుకుంటిరే దొడ్డ మేడమ్' అని నగేది ఎవురు? మీయమ్మ ముసలిదైనాక, 'ఇంకెన్నేండ్లులే మేడమ్, ఓర్చుకోండి' అనింది ఎవురు? పోయి అడుగు."

కింద కొడుకు కారు పెట్టుకొని కాచుకొని ఉన్నాడు. ఆమె గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగిపోయింది. నేను పట్టుకోవడానికి పోలేదు.

బల్ల దగ్గరకొచ్చాను. ముగ్గురూ ఒకే పళ్ళెం మీద వంగి సంతోషంగా తింటున్నారు. దోసె సగం అయిపోయింది. హిందీ టీచరు వీడియో చూపించబోయింది. ఈ ముగ్గురూ ఏళ్ళ తరబడి నా డబ్బాలోంచి వేసుకున్నవాళ్ళు, నా చింతచిగురు పప్పు కోసం కొట్లాడినవాళ్ళు. దొడ్డ మేడమ్ ఒక్కతే పరాయిది, వీళ్ళు నావాళ్ళు అని లెక్క కట్టుకొని బతికినదాన్ని.

"మా అమ్మ డబ్బా యాడికి పోయేదో మీకు తెలుసా?" అన్నాను నిలబడే.

హిందీ టీచరు ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. డ్రిల్లు మాస్టరు పళ్ళెంలోకి చూశాడు. లెక్కల సారే తేరుకున్నాడు. "అయ్యో, అదంతా ఇప్పుడెందుకు మేడమ్? సుమ్నే, ఊరికే పాత కథలు. పెద్దామె, ఆమె పద్ధతి ఆమెది. మేమేమన్నా అంటే మీకే గదా బాధ అని..." అంటూనే, బోలెడు ప్రేమగా ఒక ముక్క తుంచి పప్పు పెట్టి చుట్టాడు. లేచి నా నోటి ముందుకు తెచ్చాడు. "రాండి మేడమ్, మీకూ ఒకటి. కాదనకూడదంట గదా."

నేను నోరు తెరవలేదు. ఆయన చేయి అట్లాగే గాల్లో ఉండిపోయింది. పప్పు కారి మోచేతి దాకా వచ్చింది. అప్పటికీ నేను తెరవలేదు. చివరికి ఆయనే దించి, ఏం చేయాలో తెలియక ఆ ముద్దను పళ్ళెం అంచున పెట్టాడు. తర్వాత ఎవరూ తినలేదు.

దొడ్డ మేడమ్ వెళ్ళిపోయింది, నాకు ఆమెతో పని లేదు. ఈ ముగ్గురూ ఇంకా నా బడిలోనే ఉన్నారు. నా రిటైర్మెంటుకి ఇంకా ఏడేళ్ళుంది.